విజయానికి కర్త ఎవరు?

పని చేసినవాడు ఒకడై, ఆ పని ఫలాన్ని అనుభవించేవాడు మరొకడైతే ధర్మవ్యవస్థ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నపై భారతీయ దార్శనికులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ప్రతి వస్తువూ పుట్టిన మరుక్షణమే నశిస్తుందనీ, లోకం స్థిరమని భావించేదంతా అలాంటి క్షణాల పరంపర మాత్రమేననీ చెప్పే బౌద్ధుల క్షణభంగవాదానికి నైయాయికులు, మీమాంసకులు చూపిన పెద్ద చిక్కు ఇదే. చేసినవాడికి ఫలం దక్కకుండా పోవడాన్ని కృతనాశమనీ, చేయనివాడికి ఫలం వచ్చిపడడాన్ని అకృతాభ్యాగమమనీ అంటారు. స్థిరమైన ఆత్మను కాదంటే ఈ రెండు దోషాలూ తప్పవని వారి వాదం. ఈ చర్చను సాధారణంగా జన్మాంతరాలకే పరిమితం చేస్తారు గాని, ఉత్తర అమెరికాలో కొద్దికాలం సాగి ఆగిపోయిన ట్రిపుల్-ఎ వరల్డ్ సిరీస్ అనే బేస్‌బాల్ పోటీలో అదే చిక్కు కళ్లెదుటే కనిపిస్తుంది.

మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండే స్థాయిని ట్రిపుల్-ఎ అంటారు. అక్కడి జట్టు ఒక ఊరి పేరు పెట్టుకుని ఆ ఊరి మైదానంలో ఆడినా, ఆటగాళ్లకు జీతమిచ్చేదీ, వారిని ఎప్పుడు పైకి పిలవాలో, ఎప్పుడు కిందికి దించాలో నిర్ణయించేదీ పైనున్న మేజర్ లీగ్ క్లబ్బే. ఈ స్థాయిలోని లీగుల విజేతలను ఒకరితో ఒకరిని ఆడించే ప్రయత్నం 1983లో లూయీవిల్‌లో మూడు జట్ల మధ్య జరిగి, టైడ్‌వాటర్ గెలుపుతో ఆ ఒక్క ఏడాదికే ముగిసింది. 1997 తర్వాత అమెరికన్ అసోసియేషన్ అనే లీగు రద్దయి, దాని జట్లు మిగిలిన రెండు లీగుల్లో కలిసిపోవడంతో, 1998లో ఆ ఇద్దరు విజేతల మధ్య అయిదు ఆటల సిరీస్‌గా, వారిలో ఎవరి సొంత ఊరూ కాని లాస్ వేగాస్‌లోని క్యాష్‌మన్ ఫీల్డ్‌లో అది మళ్లీ మొదలైంది. తొలి ఏడాది న్యూ ఆర్లియన్స్, 2000లో ఇండియనాపొలిస్ గెలిచాయి. ప్రేక్షకులు ఆశించినంతగా రాకపోవడంతో ఆ తర్వాత పోటీ ఆగిపోయింది.

తత్త్వదృష్టితో చూసేవారిని ఎక్కువసేపు నిలిపేది నడుమనున్న 1999. ఆ సెప్టెంబరులో వాంకూవర్ కెనేడియన్స్ జట్టు షార్లెట్ జట్టును 3-2 తేడాతో ఓడించి విజేత అయింది. ఆ సీజన్ తొలి నెలల్లో వాంకూవర్ తరఫున బంతి విసిరి ఒక్క ఓటమీ లేకుండా గెలిపించిన టిమ్ హడ్సన్‌ను ఆ జట్టుకు పైనున్న మేజర్ లీగ్ క్లబ్బు ఓక్లండ్ జూన్‌లోనే పైకి పిలిచింది. అక్కడ అతడు 11 గెలిచి 2 మాత్రమే ఓడాడు గాని, తాను మొదలుపెట్టిన పని ఫలించిన రోజున ఆ జట్టులో లేడు. మరుసటి ఏడాది జట్టే శాక్రమెంటోకు తరలి రివర్ క్యాట్స్ అనే కొత్త పేరు పెట్టుకుంది. వాంకూవర్‌కు దక్షిణ ఒరెగాన్ నుంచి వేరొక జట్టు, ఎంతో కింది స్థాయిది, వచ్చి కెనేడియన్స్ అన్న పాత పేరునే ధరించింది. పేరు ఒకచోట, యాజమాన్య హక్కు మరొకచోట, ఆటగాళ్లు తలొక దిక్కున ఉండగా, 1999 విజేత ఎక్కడుందని అడిగితే చూపడానికి ఒక్క వస్తువూ లేదు.

దీన్ని కృతనాశమనడం తొందరపాటు. 8వ శతాబ్దికి చెందిన శాంతరక్షితుడు తత్త్వసంగ్రహంలో కర్మకూ ఫలానికీ ఉన్న సంబంధాన్ని ప్రత్యేకంగా ఒక ప్రకరణంలో పరీక్షించి, ఫలం పుట్టడానికి శాశ్వతమైన కర్త అక్కర్లేదనీ, ఎడతెగని కార్యకారణ పరంపర, అంటే సంతానం, చాలుననీ వాదించాడు. లక్కరంగు పట్టించిన పత్తి గింజ మట్టిలో నశించినా ఎరుపు దూదిలో తేలుతుందని బౌద్ధులు చెప్పిన పోలిక ఇక్కడ చక్కగా కుదురుతుంది: హడ్సన్ వెళ్లిపోయినా అతడు తెచ్చిన విజయాలు పట్టికలో నిలిచాయి, ఆ పట్టికే జట్టును ముందుకు నడిపింది. ఫలం ఎలా పుట్టిందన్నంతవరకు ఈ సమాధానం నిర్దుష్టమే.

అయితే ఫలం అంటే పుట్టడమే కాదు, అనుభవానికి రావడం కూడా. నిష్కామకర్మను ముందుకు తెచ్చి ఈ ప్రశ్నను దాటవేయడం పరిపాటి గాని, ఫలాన్ని కోరాలా వద్దా అన్నది వేరు, ఫలం ఎవరికి చెందుతుందన్నది వేరు. నైయాయికులు ఇక్కడ ప్రతిసంధానాన్ని ముందుంచుతారు. మునుపు చూసిన నేనే ఇప్పుడు తలుచుకుంటున్నాననే ఈ జ్ఞానం ఒకే వ్యక్తిలో రెండు కాలాలను కలుపుతుందనీ, పరంపర ఎంత అవిచ్ఛిన్నమైనా ఆ పని చేయలేదనీ వారంటారు. సీజన్ తొలి నెలల్లో సొంత ఊరి నాట్ బెయిలీ స్టేడియంలో హడ్సన్‌ను చూసి సెప్టెంబరులో విజయవార్త విన్న వాంకూవర్ ప్రేక్షకుడు సరిగ్గా అలాంటివాడు; జట్టులోని ప్రతిదీ మారినా రెంటినీ కలిపే తెలివి అతడిలో ఉంది. బంతి విసరనూ లేదు, కొట్టనూ లేదు గనుక నైయాయికుల లెక్క ప్రకారమే అతడి ఆనందం అకృతాభ్యాగమం అవుతుంది. అంటే స్థిరత్వం ఉన్నచోట కర్తృత్వం లేదు, కర్తృత్వం ఉన్నచోట స్థిరత్వం లేదు. ఆత్మవాదులు బౌద్ధులపై మోపిన దోషం ఈ సందర్భంలో తిరిగి వారి మీదికే వస్తుంది. పైగా సిరీస్ జరిగింది వందల మైళ్ల దూరంలో కాబట్టి, ఆ ప్రేక్షకుల్లో చాలామందికి గెలుపు చూసిన అనుభవం కాదు, విన్న మాటే. అలా విన్న మాటను శబ్దప్రమాణంగా అంగీకరించే న్యాయశాస్త్రం, దానివల్ల కలిగిన సంతోషాన్ని ఏ అదృష్టం, అంటే పూర్వకర్మ మిగిల్చిన ఏ కనబడని శక్తి, ఖాతాలో వేస్తుందో చెప్పవలసి ఉంటుంది.