దానము – సాత్త్వికత్యాగము

భార్య తన మూత్రపిండమును భర్త కిచ్చినది. 1994 నాటి చట్టము దంపతులను దగ్గరి బంధువులుగా నెంచి అట్టి దానమున కనుమతించినది. కొన్నాళ్ళకు భర్త శరీరమే దానిని పరాయిదిగా తలచి తిరస్కరింపజొచ్చినచో, ఆ దానము వ్యర్థమైనట్లేనా?

"నేను చేసితిని, ఇది నాది, ఫలము నాకు" అను మూడు తలపులను విడిచి కర్మ చేయుటయే శ్రీవైష్ణవులు చెప్పు సాత్త్వికత్యాగము. ఇచ్చునాడు వీనిని విడుచుట కొంత సులభము. వికటించిననాడు "నాది పోయెనే" అను మమకారము తలయెత్తును. దేహమే భగవంతునికి శేషభూతమైనపుడు అందలి అవయవము ఎవరి సొమ్ము? అయినను ఆ చింత ఆమె ముఖమున కనబడినంతనే రోగి వ్యాధికంటె ఋణభారముచే క్రుంగిపోవును.

తిరస్కృతి కలిగినంతనే ఆశ వదలుకొననక్కరలేదు. సకాలమున గుర్తించినచో తరచు చికిత్సకు లొంగును. కావున మాత్రలను వేళ తప్పక అందించుట, జ్వరము పొడచూపగనే వైద్యునికి తెలుపుట ఆమెకు కైంకర్యమే. ఆ మందులు రోగనిరోధకశక్తిని తగ్గించును గనుక జనసమ్మర్దము, కాచని నీరు ఆయనకు ప్రమాదకరములు. ఉత్సవమునకు పోలేదని, ఆయనకు తీర్థ మీయలేదని ఆమె పరితపింపనేల? మ్రొక్కు ఆగవచ్చును, మాత్ర ఆగరాదు.

"నీవిచ్చినదానిని పాడుచేసితిని" అని భర్త కంటతడి పెట్టిననాడు వేదాంతము చెప్పి ఊరకుండుట చాలదు. మాత్ర చేతిలో పెట్టి, కాచి చల్లార్చిన నీరిచ్చి, ఆయన ప్రక్కన కూర్చుండవలెను.