పటంలో లేకపోతే మనం లేనట్టేనా?

"మీ సొంతూరేది?" అని అడిగితే మన ఎరుకల ఇళ్లల్లో ఒక్కమాటలో జవాబు రాదు. ఇప్పటికి వెంకటగిరికోట అంటాం. కానీ తాత పుట్టింది ఒక చెరువు కట్ట కింద, నాయన పుట్టింది ఇంకో ఊరి చింతతోపులో. మన వంశ చరిత్ర అంటే మనవాళ్లు నడిచిన దోవల చరిత్రే. దాన్ని వెతకడానికి పాత సర్వే పటాలు పనికొస్తాయని విని, మేం కొందరం ఒకరోజు వాటిని చాపమీద పరుచుకుని కూర్చున్నాం.

ఈ పటాల వెనక పెద్ద శ్రమే ఉంది. 1802లో లాంబ్టన్ అనే అధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద నేల కొలత మొదలుపెట్టి, కొండకొండకూ త్రిభుజాలు కలుపుకుంటూ పడమటి దిక్కుకు పోయాడు. ఇరవయ్యో శతాబ్దంలో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు మైలుకు ఒక అంగుళం లెక్కన కొత్త పటాలు వేశారు. ఆ తర్వాత కిలోమీటరుకు రెండు సెంటీమీటర్ల లెక్క వచ్చింది. మన కోట దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. 57 కె, 57 ఎల్ అనే రెండు పటాల భాగాలు కలిసేదీ ఆ గీత దగ్గరే. అందుకని రెంటినీ అంచుకు అంచు కలిపితేగాని మన చుట్టుపక్కల నేలంతా కనపడదు.

చెరువులు ఉన్నాయి. గుట్టలు, బావులు, గుళ్లు, బండిదోవలు ఉన్నాయి. అవ్వ చెప్పిన గుడిసెలు మాత్రం లేవు.

"మేం గుడిసెలు ఏసుకోని ఉండింది ఆ చెరువు కిందనే గదా! ఈళ్లకు అగపడలేదా?" అనింది అవ్వ.

సర్వే చేసినవాళ్లు అబద్ధమాడారా? అలా అనలేం. పటం కదలకుండా ఉండేదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మనవాళ్లు ఉప్పూ ధాన్యమూ గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లు. ఈతాకు గుడిసె ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. అయితే ఇంకో కాగితం మాత్రం మనల్ని మరవలేదు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. పటం మన ఇంటిని రాయలేదు గానీ పోలీసు రిజిస్టరు మన వేలిముద్రలు తీసుకుంది. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయినా దాని మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు.

అప్పుడే మాలో ఒక పిల్లవాడు పెన్సిలు తీశాడు. "ఈ నకలు మీద చెరువు కింద నాలుగు చుక్కలు పెడితే పోలా? వాళ్లు మనల్ని వదిలేశారు, మనం పెట్టుకుంటే తప్పేంది?" అన్నాడు.

ఆ ప్రశ్నను మేం కొట్టిపారేయలేదు. అటవీ భూమి మీద హక్కు అడిగే కుటుంబానికి ఆ నాలుగు చుక్కలే పట్టా కావచ్చు. అన్యాయంగా తుడిచేసిన పేరును తిరిగి రాసుకోవడం దొంగతనమా? కాదు. అయినా చుక్క పెట్టవద్దనే అనుకున్నాం. ఈరోజు మనం పెట్టిన దొంగ చుక్కను ఒప్పుకుంటే, రేపు బలమున్నవాడు మన చేను మీద పెట్టే చుక్కను కాదనే నోరు మనకుండదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆ చుక్క బయటపడిననాడు అవ్వ చెప్పిన నిజం కూడా అబద్ధం కింద జమవుతుంది.

అవ్వ మాటకు ఆ చుక్క అవసరమూ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో, పటాలతో పాటు హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పి రాయించిన మాటా సాక్ష్యమే. పాత బావి, సమాధులు, పూజించే చోటు కూడా సాక్ష్యమే. ఒక్కటి చాలదు, ఒకటికంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలి. అంటే పటమూ అవ్వా పక్కపక్కన కూర్చోవాలి, ఒకరి నోరు ఇంకొకరు మూయకూడదు.

ఇది మనకూ వర్తిస్తుంది. అవ్వ తూర్పున అన్న బావి పటంలో పడమట ఉంటే, అవ్వ మాటను దిద్దకూడదు, పటాన్నీ దాచకూడదు. రెండూ రాసి, నడిచి చూసి రావాలి. మనకన్నా ముందు అక్కడ ఇంకొకరు బతికినట్టు తేలితే దాన్నీ రాయాలి. మనల్ని వదిలేసిన పటాన్ని తప్పుపడుతూ, మన కథలో ఇంకొకరిని వదిలేస్తే మనకూ ఆ పటానికీ తేడా ఏముంది?

ఆ పిల్లవాడు పెన్సిలు దాచుకోలేదు. వేరే తెల్లకాగితం తీసుకున్నాడు. చెరువు గీశాడు, కింద గుడిసెలు గీశాడు. చెప్పింది ఎవరో, ఏ రోజు చెప్పిందో అవ్వను అడిగి పక్కన రాశాడు. అయ్యవార్లారా, మీ బడిలో ప్రతి పిల్లవాడూ ఇలాంటి కాగితం ఒకటి గీయనీండి. మన అవ్వలు ఉన్నప్పుడే గీయాలి.