నాలుగు దిక్కుల సంఘానికి చెందిన విద్య

అందరూ పీల్చే గాలిని కాపాడే విద్య ఒక్కరి సొత్తుగా ఉండవచ్చునా అనే ప్రశ్న పేటెంటు చట్టంతోనే తేలేది కాదు; అది ధర్మవిచారణకు కూడా చెందినది. పొగ వెలువరించని కారును రూపొందించేవారు దాని నమూనాలను, కొలతలను, సాఫ్ట్‌వేరును ఎవరైనా చూసి, వాడి, మెరుగుపరచి, తిరిగి పంచుకొనేలా వెల్లడించే పద్ధతిని ఓపెన్ సోర్స్ అంటారు. ఆ పద్ధతి వెనుక ఉన్న ధర్మాన్ని పరిశీలించడానికి కృష్ణా డెల్టాలో చెరుకుపల్లికి పొరుగున ఉన్న భట్టిప్రోలు మంచి ఆధారం.

1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు బయల్పడిన ధాతుకరండాల మీద, అంటే పవిత్ర అవశేషాలను భద్రపరిచిన రాతి పేటికల మీద, కుబీరక రాజు పేరుతోపాటు గోష్ఠి అనే సమితి సభ్యుల పేర్లు, నిగమమనే వర్తకసమాజానికి చెందినవారి పేర్లు చెక్కి ఉన్నాయి. క్రీస్తుపూర్వ కాలంలోనే ఈ డెల్టాలో ఒక మహాకార్యం రాజు ఒక్కడి కీర్తిగా కాక పలువురి ఉమ్మడి దానంగా నిలిచిందని ఆ శాసనాలు చాటుతున్నాయి.

ఆ దాతలు ఆశ్రయించిన బౌద్ధం మాత్సర్యాన్ని, అంటే తనకున్నది ఇతరులకు దక్కకూడదనే బుద్ధిని, ఐదు విధాలుగా విభజించి, తెలిసిన ధర్మాన్ని దాచుకోవడాన్ని కూడా వాటిలో చేర్చింది. గురువు చివరిదాకా శిష్యులకు చెప్పక అట్టిపెట్టుకొనే రహస్యాన్ని ఆచార్యముష్టి అంటారు. అటువంటిది తనకు లేదని బుద్ధుడు ఆనందునికి స్పష్టం చేసినట్లు మహాపరినిబ్బాన సుత్తం చెబుతుంది. భిక్షుసంఘ నియమాల గ్రంథమైన వినయపిటకం మరొక మెట్టు ఎక్కి, నాలుగు దిక్కుల సంఘానికి, అంటే ఇప్పుడున్న భిక్షువులకే కాక ఇకపై రాబోయేవారికి కూడా చెందిన విహారాన్ని, దాని భూమిని అక్కడ నివసించేవారు పంచుకోవడానికి గాని, ఇతరులకు ఇచ్చివేయడానికి గాని వీలులేదని శాసించింది.

ఈ దృష్టితో చూస్తే దానానికీ ఉమ్మడి హక్కుకూ ఉన్న భేదం తేటపడుతుంది. సదుద్దేశంతో తమ సాంకేతికతను వాడుకొనేవారిపై పేటెంటు దావాలు వేయబోమని 2014లో టెస్లా ప్రకటించింది. 2015లో టొయోటా హైడ్రోజన్ కార్లకు సంబంధించిన వేలాది పేటెంట్లను ఉచితంగా వాడుకోనిచ్చినా, వాటిలో ఎక్కువభాగానికి 2020 వరకే గడువు పెట్టింది. ఇవి మెచ్చదగిన దానాలే అయినా, ఇచ్చిన చేయి పైనే ఉన్న దానాలు. 1999లో జర్మనీలో మార్కుస్ మెర్జ్ ప్రారంభించిన ఆస్కార్ అనే ఓపెన్ సోర్స్ కారు ప్రయత్నం, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో సాంకేతిక విశ్వవిద్యాలయాలు పర్యావరణ సంస్థతో కలిసి చేపట్టిన కామన్ అనే కారు నమూనా రెండూ పరిశ్రమగా నిలదొక్కుకోలేకపోయినా, నమూనాను మొదటినుంచే అందరిదిగా తలచినందువల్ల వినయధర్మానికి మరింత చేరువైనవి.

శ్రమించినవారి జీవనం ఏమవుతుందనే ఆక్షేపణ న్యాయమైనదే. అయితే విద్య ఉమ్మడిదైనంత మాత్రాన తయారీకి, మరమ్మతుకు, శిక్షణకు వెల ఉండకపోదు. బ్రేకులో, బ్యాటరీలో తెలియక చేసిన మార్పు ప్రాణాలు తీయవచ్చుననే ఆక్షేపణ ఇంకా బరువైనది. ధర్మాన్ని వక్రీకరించేవానికి చెప్పకపోవడం మాత్సర్యం కాదని బౌద్ధ వ్యాఖ్యాతలు కూడా అంగీకరించారు. కనుక నమూనాను వెల్లడించేవారు పరీక్షించే బాధ్యతను కూడా సమాజంగా స్వీకరించవలసి ఉంటుంది.

ఎక్కడో వెలువడిన పొగవల్ల పెరిగే సముద్రమట్టం నిజాంపట్నం వంటి పల్లపు తీరాలను బాధించేటప్పుడు ఎవరి కారు అని అడగదు. హానిని అందరికీ పంచుతూ, దాన్ని ఆపే విద్యను మాత్రం కొందరికే పరిమితం చేయడం అధర్మం. బాపట్ల ఇంజనీరింగ్ విద్యార్థికీ తెనాలి మెకానిక్కుకూ ఆ విద్యను చదివే హక్కుతోపాటు దాన్ని సరిదిద్దే హక్కు కూడా దక్కినప్పుడే అది నాలుగు దిక్కులదని చెప్పదగును.