లాజరు మరునాడు



లాజరు సమాధిలోనుండి లేచివచ్చిన సంగతి మన చిన్నపిల్లలకును తెలియును. అటుపిమ్మట అతడు ఎట్లు బ్రదికెనో ఆలోచించువారు కొద్దిమంది. యోహాను సువార్త 12వ అధ్యాయము చూడుడి. అతడు పంక్తిలో కూర్చున్నాడు. జనులు అతనిని చూడవచ్చుచున్నారు. కొందరు అతనిని చంపుటకు ఆలోచించుచున్నారు. అతడు పలికిన మాట ఒక్కటియు వ్రాయబడలేదు.

మా సంఘములో ఒక సహోదరి యున్నది. పేరు, ఊరు వ్రాయము. ఇది చదివించుకొని ఆమె ఒప్పుకొనినది. 2006లో ఆమెకు హెచ్.ఐ.వి. యున్నదని తెలిసెను. పెనిమిటి అంతకుముందే ఆ జబ్బుతో పోయెను. ఆమె గేదెను అమ్మి అప్పు తీర్చి, బిడ్డను పుట్టినింట ఒప్పగించి, తన సమాధి ఖర్చులకు డబ్బు మా చేతికిచ్చెను. మేము ప్రార్థించి పుచ్చుకొంటిమి. అయితే 2004 మొదలు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్న మందులు ఆమెకు దొరకినవి. ఆమె చావలేదు. ఒకనాడు వచ్చి, "అయ్యగారూ, చావడానికి ప్రార్థన చేసిపెట్టారు. ఇప్పుడు బతకడానికి ఏం చెయ్యాలి?" అని అడిగెను. మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ డబ్బు తిరిగి ఇయ్యబోగా, "ఉంచండి, ఎప్పటికైనా కావాలి గదా" అని నవ్వెను.

రాత్రి తొమ్మిది గంటలకు మాత్ర. తరచుగా తప్పిన యెడల క్రిమి మందుకు లొంగదు. పెండ్లింటనున్నను కొంగున ముడివేసిన మాత్రను చాటునకుపోయి మ్రింగవలెను. తొలి యేండ్లలో ఇచ్చిన మందొకటి ఆమె చెంపలను గుంటలు చేసెను. ఆ మందు మానిపించిరి గాని చెంపలు నిండలేదు. మందులకు పోవునాడు కూలి పోవును. ఎక్కడికని పొరుగూరి మేస్త్రీ అడుగును. "కీళ్లనొప్పులని చెబుతున్నాను. అబద్ధం కాదా అయ్యగారూ?" అని ఆమె అడుగుచున్నది.

అబద్ధమే. అయితే ఆ అబద్ధములో అడిగినవానికిని పాలున్నదని మా తలంపు. పెండ్లాడబోవు మనుష్యునికి తెలిసికొను హక్కు కలదు, మేస్త్రీకి లేదు. కలిసి భోజనము చేయుటవలన, చేయి పట్టుకొనుటవలన, ఒక్క పాత్రలో త్రాగుటవలన ఈ క్రిమి అంటదు. మందు క్రమముగా వాడి, రక్తపరీక్షలో క్రిమి కనబడనంతగా అణగినవారినుండి దాంపత్యమువలనను అంటదని వైద్యులు నిశ్చయించియున్నారు. సమ్మతి లేక ఒకరి సంగతి బయటపెట్టరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. అది 2018 సెప్టెంబరులో అమలులోనికి వచ్చెను.

ఇంత చెప్పుచున్న మేమే, 2007లో ప్రభు సంస్కారమునాడు ఆమెను వరుస చివర నిలువుమని సైగ చేసితిమి. పాత్ర ఒక్కటే గదా, జనము వెనుదీయుదురని మా సాకు. ఆ సైగతో ఆమె మర్మము ఊరంతటికి తెలిసెను. లాజరును చూడవచ్చినవారిలో మేమును ఉంటిమి. ఎనిమిదేండ్లకు గాని క్షమాపణ అడుగలేదు. "గుర్తుంది" అనెను గాని "ఫరవాలేదు" అనలేదు. నేటికిని ఆమె వరుసలో చివరనే నిలుచుచున్నది. ముందుకు రమ్మని పిలుచుటకు మాకు నోరు రాదు.

ఈ యేడు ఆమె కౌలుకు తీసికొని కంది వేసినది. మందుల తేదీ కోతలలో పడుచున్నదట. వారము ముందుగా పోవచ్చునేమో కనుగొనుమని నిన్న మాకు కబురంపినది.