జోలపాట, దండోరా

తల్లి జోల పాడితే బిడ్డ ఊపిరి నెమ్మదిస్తుంది. అర్ధరాత్రి దండోరా డప్పు మోగితే గుండె దడదడలాడుతుంది. ఈ రెండింటిలో మనల్ని కాపాడేది ఏది?

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. కాలువగట్ల మీద గుడిసెల్లో బతికే మన యానాదులకు, ఎరుకలవారికి అలాంటి రాత్రి జోల చాలదు. భయపెట్టినా సరే, నిజం చెప్పే చప్పుడు కావాలి. మనసు నిబ్బరంగా ఉన్నంత మాత్రాన ప్రాణం క్షేమంగా ఉన్నట్టు కాదు.

అలాగని పాట దండగ కాదు. దండోరా మనల్ని లేపి గట్టెక్కిస్తుంది. ఆ గట్టు మీద చీకట్లో వణికే పిల్లలకు తెల్లవారేదాకా తోడుండేది పాటే. అందుకే దండోరా మన గూడెం దాకా రావాలని గట్టిగా అడుగుదాం. పాటను మాత్రం మనమే కాపాడుకుందాం.