ఇచ్చేవారి హక్కు ఎంతవరకు: బ్రిటన్ కౌన్సిల్ ఇళ్ళు, అద్దెదారుల ఖర్చులు

బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వాలను కౌన్సిళ్ళు అంటారు; అవి కట్టించి, తామే యజమానులుగా ఉండి అద్దెకిచ్చే ఇళ్ళే కౌన్సిల్ ఇళ్ళు. లండన్‌లోని షోర్‌డిచ్‌లో ఓల్డ్ నికోల్ అనే మురికివాడను కూల్చి, 1900లో ప్రారంభించిన బౌండరీ ఎస్టేట్ వీటిలో తొలి తరానికి చెందినది. 1919 నాటి అడిసన్ గృహ చట్టం తర్వాత ఇవి దేశమంతటా లేచాయి, 1970ల చివరినాటికి బ్రిటన్‌లో దాదాపు మూడోవంతు కుటుంబాలు వీటిలోనే కాపురమున్నాయి. ఆ కాపురాల గురించి బయటివారు వేసే ప్రశ్న మాత్రం తరతరాలుగా ఒక్కటే: సర్కారు ఇంట్లో ఉండేవారికి ఈ ఖర్చెందుకు? 1930లలో ఆ ప్రశ్న స్నానపుతొట్టి చుట్టూ తిరిగేది. మురికివాడల నుంచి వచ్చినవారికి తొట్లు కట్టించి ఇస్తే వాటిలో బొగ్గు పోసుకుంటారన్న మాట మధ్యతరగతి ఇళ్ళలో హాస్యంగానూ వినపడేది, నిజంగానూ చెల్లేది. తర్వాతి కాలంలో తొట్టి స్థానంలోకి గోడకు బిగించిన శాటిలైట్ డిష్ వచ్చింది, ఆపైన పెద్ద టీవీ, పిల్లవాడి కాళ్ళకున్న ఖరీదైన బూట్లు వచ్చాయి. వస్తువు మారినా తీర్పు మారకపోవడాన్ని బట్టి, ఇది లెక్కల పుస్తకంలోంచి పుట్టిన ప్రశ్న కాదనీ, దానం ఇచ్చినవారికి దాన్ని పుచ్చుకున్నవారి జీవితంపై ఎంత అధికారం ఉంటుందనే పాత ధర్మసందేహమే కొత్త వేషంలో తిరుగుతోందనీ భావించడం సబబు.

ఆ అధికారం ఇంగ్లండులో చట్టం ద్వారానే నిర్మాణమైంది. 1601 నాటి పేదల చట్టం ప్రతి పారిష్‌పైనా, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరిపైనా, తన పేదలను పోషించే భారం మోపింది. భారంతోపాటే ఎవరు నిజమైన పేద, ఎవరు సోమరి అని తేల్చే పెత్తనమూ ఊరి పెద్దల చేతికి వచ్చింది. 1834లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, సహాయం పొందేవాడి స్థితి స్వయంగా కష్టపడి బతికే అతి పేద కూలీ స్థితికన్నా హీనంగానే ఉండాలన్న సూత్రాన్ని పెట్టుకున్నారు. వర్క్‌హౌస్ అనే పేదల శ్రమశాల ఆ సూత్రానికి కట్టిన గోడలు. ఆ సూత్రం ప్రకారం సహాయం పుచ్చుకునేవాడి సుఖం ఎంత చిన్నదైనా పక్కింటి కూలీకి అన్యాయమే అవుతుంది గనుక, పుచ్చుకున్నవాడి గుమ్మంలోకి తొంగిచూడటం నేరం కాకపోగా పౌరధర్మమై కూర్చుంది.

ఇళ్ళ విషయంలో ఈ తొంగిచూపుకు ఒక మర్యాదైన రూపం ఇచ్చినవారు ఆక్టేవియా హిల్. 1865లో రచయిత జాన్ రస్కిన్ పెట్టుబడితో మేరిల్‌బోన్‌లోని ప్యారడైజ్ ప్లేస్‌లో కొన్న ఇళ్ళతో ఆమె పని మొదలైంది. వారం వారం అద్దె వసూలుకు వచ్చే మహిళలు చేయిచాచి నిలబడటంతో ఆగకుండా లోపలికి వెళ్ళి, ఇల్లు ఊడ్చి ఉందా, పిల్లలు బడికి వెళ్తున్నారా, సంపాదన తాగుడుకు పోతోందా అని కనిపెట్టేవారు. అద్దె బాకీ పడినవారిని ఖాళీ చేయించడంలో ఆమె వెనుకాడలేదు. కప్పు కారితే బాగుచేయించడంలోనూ వెనుకాడలేదు. ఆ మహిళల దయ నిజమైనదే, అందులో సందేహం అక్కర్లేదు. అయితే అద్దె సక్రమంగా కట్టేవాడి వంటింట్లోకి ఇంటి యజమాని రావచ్చునన్న ఏర్పాటు ధనికుల వీధుల్లో ఎవరి ఊహకూ అందనిది. కౌన్సిళ్ళు స్వయంగా ఇళ్ళు కట్టడాన్ని ఆమె వ్యతిరేకించినా, ఆమె పద్ధతిలో తర్ఫీదైన గృహ నిర్వాహకురాళ్ళు 20వ శతాబ్దంలో కౌన్సిళ్ళ కొలువుల్లోనే చేరారు. 1930లలో మురికివాడల ఖాళీ జరిగినప్పుడు చాలాచోట్ల కుటుంబాల సామాన్లను వాన్లలోకి ఎక్కించి, నల్లులు చావడానికి విషవాయువు పట్టించిన తర్వాతే కొత్త ఇంటి గడప దాటనిచ్చేవారు. ఆరోగ్యపరంగా దానికి కారణం లేకపోలేదు; వీధివాళ్ళంతా చూస్తుండగా తన మంచం, పరుపు వాన్‌లోకి వెళ్ళడం చూసిన ఇల్లాలికి అది చెప్పిన సంగతి మాత్రం ఆరోగ్యశాస్త్రం కాదు.

అద్దెదారులు డబ్బు తగలేస్తున్నారన్న నమ్మకం ఎంత తప్పుదారి పట్టించగలదో ఇంగ్లండు ఈశాన్యాన ఉన్న స్టాక్‌టన్-ఆన్-టీస్ పట్టణం చూపింది. 1927లో అక్కడ హౌస్‌వైఫ్ లేన్ అనే మురికివాడను ఖాళీ చేయించి, అక్కడివారిని మౌంట్ ప్లెజెంట్ అనే కొత్త కౌన్సిల్ ఎస్టేటుకు తరలించారు. గాలి, వెలుతురు, స్నానపుగది ఉన్న ఇళ్ళు. పిల్లలు ఆడుకోవడానికి చోటు. పట్టణ ఆరోగ్యాధికారి డాక్టర్ జార్జ్ మెక్‌గోనిగల్ ఆ తర్వాతి సంవత్సరాల మరణాల లెక్క తీయగా, కొత్త ఇళ్ళకు వెళ్ళినవారిలో మరణాల రేటు తగ్గకపోగా పెరిగిందని తేలింది; ఖాళీ చేయించని మరో మురికివాడలో అలాంటి పెరుగుదల లేదు. కారణం కోసం ఆయన ఇళ్ళ గోడలను గాక ఇల్లాళ్ళ ఖర్చుల చిట్టాలను వెతికారు. కొత్త ఇంటి అద్దె పాతదానికన్నా చాలా ఎక్కువ. నిరుద్యోగ భృతి మీదో చాలీచాలని కూలి మీదో బతికే కుటుంబాలు అద్దె కట్టేశాక తిండికి మిగిలేది తక్కువ. రొట్టె, బంగాళాదుంప, టీ దగ్గరే పళ్ళెం ఆగిపోయింది. 1933లో వైద్యుల సభ ముందుంచి, 1936లో పుస్తకంగా ప్రకటించిన ఈ పరిశీలనలో విచారించాల్సిన వ్యంగ్యం ఒకటి ఉంది: అద్దెదారులు దుబారా చేస్తున్నారని లోకం అంటున్న కాలంలోనే, అద్దె బాకీ పడకూడదన్న పట్టుదలతో వారిలో కొందరు తమ ఆహారంలోంచే ఇంటి యజమానికి చెల్లించారు. ఇంటి యజమాని ఇక్కడ కౌన్సిలే.

ఈ ఉదాహరణ మరో సంగతిని ముందుకు తెస్తుంది. కౌన్సిల్ ఇల్లు ఊరికే వచ్చేది కాదు, అద్దెకు వచ్చేది. ఆ అద్దెలు, మరమ్మతుల ఖర్చులు, నిర్మాణపు అప్పులు అన్నీ గృహ ఖాతా అనే ప్రత్యేక పద్దులో ఉంటాయి. 1990 నుంచి ఆ పద్దును కౌన్సిల్ సాధారణ ఆదాయంతో కలపడానికి వీల్లేదు, 2012కు ముందు అయితే అనేక కౌన్సిళ్ళు తమ అద్దెల్లో కొంత భాగాన్ని కేంద్ర ఖజానాకే పంపాల్సి వచ్చేది. తక్కువ అద్దె రూపంలోనూ, పేదవారి అద్దెకు ఇచ్చే భత్యం రూపంలోనూ ప్రజాధనం ఇందులో లేదని కాదు. అయితే సొంత ఇంటి అప్పు కట్టేవారికి వడ్డీపై పన్ను రాయితీ 2000 వరకు అందింది, ఆ రాయితీ తీసుకున్నవారి బైఠక్ గదిలో ఎంత పెద్ద టీవీ ఉందని ఎవరూ అడగలేదు. 1980 గృహ చట్టం కౌన్సిల్ అద్దెదారుకు తానుంటున్న ఇంటిని మొదట్లోనే సగం ధర వరకు తగ్గింపుతో కొనుక్కునే హక్కు ఇచ్చింది; అంటే నిన్న అద్దెదారుగా ఉన్నప్పుడు డిష్ బిగిస్తే విమర్శకు గురైన మనిషి, అంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్రజాసహాయం అందుకుని యజమాని అయిన మర్నాటి నుంచి ఆ విమర్శకు అతీతుడయ్యాడు. సహాయం పరిమాణానికీ విచారణ తీవ్రతకూ పొంతన లేదని దీన్నిబట్టి తేలుతుంది. తన చట్టంలో 'శ్రామిక వర్గాలు' అన్న పరిమితిని 1949లో తొలగించి, వైద్యుడూ కూలీ ఒకే వీధిలో ఉండే ఊళ్ళను కోరిన మంత్రి అనైరిన్ బెవన్ ఈ చిక్కును ముందే గ్రహించారని చెప్పవచ్చు: ఒక్క పేదలకే కేటాయించిన ఇల్లు, అద్దె ఎంత కట్టినా, చూసేవారి కంటికి భిక్షగానే కనపడుతుంది.

భిక్ష అనే అనుకున్నా, భిక్షగాడు దేనిపై ఖర్చు పెట్టవచ్చు? అవసరం మీద మాత్రమే అన్నది వెంటనే వచ్చే జవాబు, కాని అవసరమంటే ఏమిటో తేల్చడం అంత తేలిక కాదు. ఆడమ్ స్మిత్ 1776లోనే నార చొక్కాను ఉదాహరణగా తీసుకుని, అది లేకున్నా ప్రాణం పోదు గాని తన కాలపు కూలీ అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు గనుక అది అవసరమేనన్నారు. ఆ తర్వాత 1901లో యార్క్ నగరం గురించి సీబోమ్ రౌంట్రీ రాసిన గ్రంథం, శరీరం పనిచేయడానికి కావలసిన కనీస ఖర్చును లెక్కగట్టి, దానికి లోపడిన ఆదాయాన్ని ప్రాథమిక దారిద్ర్యమనీ, ఆదాయం సరిపోయినా మరో ఖర్చువల్ల లోటు పడితే ద్వితీయ దారిద్ర్యమనీ విభజించింది. ఆ కనీస లెక్కలో బతికే కుటుంబం ఏమేమి చేయకూడదో ఆయనే వివరించారు: రైలెక్కకూడదు, పత్రిక కొనకూడదు, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం రాయడానికి తపాలా బిళ్ళ కొనకూడదు, చర్చికి చందా ఇవ్వకూడదు, డబ్బు ఖర్చయ్యే సాయమేదీ పొరుగువాడికి చేయకూడదు. రౌంట్రీ ఆ జీవితాన్ని ఆదర్శంగా చెప్పలేదు, అది ఎంత అసాధ్యమో చూపడానికే చెప్పారు. పెద్ద టీవీపై విసుక్కునేవారు మాత్రం తెలియకుండానే దాన్ని ఆదర్శం చేస్తారు. చివరి రెండు నిషేధాలు గమనించదగ్గవి. పుచ్చుకునేవాడు ఇక ఎన్నడూ ఇచ్చేవాడు కాకూడదన్నదే వాటి అర్థం.

లండన్‌లోని లాంబెత్‌లో వారానికి సుమారు ఒక పౌండుతో బతికే కుటుంబాలపై మాడ్ పెంబర్ రీవ్స్ 1913లో ప్రకటించిన పుస్తకం అలాంటి ఖర్చునొకదాన్ని దగ్గరగా చూపింది. ఆ ఇల్లాళ్ళు ఒక్కో బిడ్డకు వారానికో పెన్నీ చొప్పున అంత్యక్రియల బీమా కట్టేవారు. బతికున్న బిడ్డకు పాలు కొనాల్సిన డబ్బు చావుకు కడుతున్నారని దయగల పెద్దలు నొచ్చుకున్నారు. కాని పసిబిడ్డల చావు మామూలైన వీధుల్లో, బీమా లేకపోతే మిగిలేది పారిష్ ఖర్చుతో జరిగే అనాథ ఖననం. పారిష్ సాయం తీసుకున్నవాడికి 1918 వరకు ఓటు కూడా ఉండేది కాదు. కాబట్టి ఆ పెన్నీ శవపేటికకు కట్టినంత మాత్రాన వృథా కాలేదు, తమను ఎవరూ బిచ్చగాళ్ళనకుండా ఉండటానికీ కట్టినదే. నేటి టీవీకీ ఇలాంటి గణితమే ఉంది. సినిమాకు, ప్రయాణానికి, హోటలుకు డబ్బు చాలని ఇంట్లో ఏళ్ళ తరబడి సాయంత్రాలను గడిపిపెట్టే వస్తువది. పైగా చేతిలో ఒక్కసారిగా డబ్బు లేనివారు దాన్ని వారం వారం కిస్తీల మీద తెచ్చుకుని అసలు ధరకన్నా ఎంతో ఎక్కువ చెల్లించేవారు, వడ్డీ, రుసుములు కలిపి వస్తువు ధరను మించకూడదని నియంత్రణ సంస్థ 2019లో హద్దు పెట్టాల్సి వచ్చిందంటే అంతకుముందు సంగతి ఊహించవచ్చు. కిటికీలోంచి చూసేవారికి టీవీ కనిపిస్తుంది, కిస్తీ కనిపించదు.

మతం ఈ విచారణకు ఏ వైపు నిలుస్తుంది? రెండు వైపులా వాక్యాలు దొరుకుతాయి. పని చేయనొల్లనివాడు తినకూడదని పౌలు థెస్సలొనీకయులకు రాసిన మాట పేదల చట్టపు అధికారులకు కంఠతా వచ్చు. అయితే సువార్తల్లో ఖర్చుల విచారణ జరిగిన ఘట్టం ఒకటుంది: బేతనియలో ఒక స్త్రీ విలువైన అత్తరును యేసు తలపై పోసినప్పుడు, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి పేదలకు పంచవచ్చు గదా అని అక్కడున్నవారు గొణిగారు, ఆమె జోలికి పోవద్దని జవాబు వచ్చింది. ఆమె పేదరాలని కథ చెప్పదు, కాబట్టి పోలికను ఎక్కువ సాగదీయరాదు. దేవాలయపు కానుకపెట్టెలో తన దగ్గరున్న రెండు చిన్న నాణేలూ వేసిన విధవరాలు మాత్రం నిరుపేద. రౌంట్రీ కనీస లెక్కను చట్టంగా పట్టుకున్న అధికారి ఎదురైతే ఆమెను దుబారా జాబితాలో రాసుకునేవాడు. 4వ శతాబ్దపు అంతియొకయలో యోహాను క్రిసోస్తోము సువార్తలోని ధనవంతుడు, బిచ్చగాడు లాజరుల కథపై చేసిన ప్రసంగాల్లో, ఓడ పగిలి వచ్చినవాడి గుణగణాలు రేవు అడగదన్న పోలికతో, దాతకు న్యాయాధిపతి పని లేదని నిష్కర్షగా చెప్పారు. కూడబెట్టమనీ ఖర్చు తగ్గించుకోమనీ అందరికన్నా గట్టిగా బోధించిన జాన్ వెస్లీ కూడా, 1753లో లండన్ పేదల గదులు తిరిగి చూశాక, సోమరితనం వల్లే వీరు పేదలన్న మాట పచ్చి అబద్ధమని తన దినచర్యలో రాసుకున్నారు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ అపాత్రదానమనే మాట గుర్తుకు రాకమానదు. దేశం, కాలం, పాత్ర చూసి ఇచ్చేదే సాత్త్వికదానమని భగవద్గీత 17వ అధ్యాయం చెబుతుంది. అదే సమయంలో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టేటప్పుడు కులగోత్రాలడగరాదన్న ఆచారమూ ఈ నేలలో ఉంది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి దానం ఎలా చేయాలో చెబుతూ శ్రద్ధ, సిగ్గు, భయం వంటివాటిని లెక్కపెడుతుంది. అవన్నీ ఇచ్చేవాడికి పెట్టిన షరతులే, పుచ్చుకునేవాడు ఇంటికెళ్ళి ఏం కొనాలో అందులో లేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో ఇంకొంచెం కటువుగా, కొందరిని ధనవంతులను చేసిన ప్రభుత్వపు అన్యాయమే వారి దాతృత్వానికి అవకాశం కల్పించినప్పుడు దాన్ని ఉపకారమనవచ్చా అని అడిగారు.

పన్ను కట్టేవాడి ఫిర్యాదులో న్యాయం లేదని దీనర్థం కాదు. అద్దె ఎగ్గొట్టి మరేదో కొన్న అద్దెదారు ఉంటాడు, ఆ బాకీ భారం సకాలంలో కట్టిన పొరుగువారి మరమ్మతుల మీద పడుతుంది. అది ఒప్పందభంగం గనుక ఏ అద్దెదారునైనా అడిగినట్టే అడగవచ్చు, ఇళ్ళ కేటాయింపు సక్రమంగా ఉందా అని కౌన్సిల్‌నూ నిలదీయవచ్చు. అద్దె చెల్లాక మిగిలిన సొమ్ముపై మాత్రం ఆ అధికారం చెల్లదు. ప్రభుత్వాలు ఈ గీతను ఎక్కడ గీయాలో తేల్చుకోలేక తికమకపడుతూనే ఉన్నాయి: 2013లో అదనపు పడకగది ఒకటి ఉందని పనిచేసే వయసులోని అద్దెదారుల భత్యంలో 14 శాతం, రెండు ఉంటే 25 శాతం కోసినవారే, అదే కాలంలో యూనివర్సల్ క్రెడిట్ పేరుతో వివిధ భత్యాలను ఒక్కటి చేసి, బాధ్యత నేర్పడానికంటూ అద్దె డబ్బును ఇంటి యజమానికి పంపడం మాని నెలకోసారి అద్దెదారు ఖాతాలోనే వేయసాగారు. ఒక గది విషయంలో నమ్మనివారిని నెల అద్దె విషయంలో నమ్మడమంటే అది నమ్మకం కాదు, పరీక్ష. స్కాట్లాండ్‌లో 2017 నుంచి ఆ పరీక్ష లేదు. డబ్బు తన చేతికి రావాలో నేరుగా యజమానికి చేరాలో, నెలకోసారి కావాలో రెండుసార్లు కావాలో అద్దెదారునే అడిగి, ఆయన చెప్పినట్టు చేస్తారు.