పంతులుగారి మూడు షరతులు, నాగసేనుడి రథం

షెడ్డుకు గృహప్రవేశం చేయిస్తారా అని అడిగితే మా పంతులుగారు నవ్వేస్తారనుకున్నాను. ఆయన నవ్వలేదు. "కప్పు పడిందా? తలుపులు బిగించారా? భోజనాలు పెడుతున్నారా?" అన్నారు. కప్పు లేని, తలుపులు లేని, వాస్తుబలీ భోజనాలూ జరగని ఇంట్లో అడుగు పెట్టకూడదని శాస్త్రమట. మొదటి రెండూ ఏ తాపీమేస్త్రి అయినా చెబుతాడు. మూడోదే నా బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. ఎవరో అన్నం తింటే గోడలకు ఒరిగేదేమిటి?

నేను ఆర్టీసీ డిపోలో బస్సుల కింద దూరి పనిచేసి రిటైరైనవాణ్ణి. మామగారు వదిలివెళ్ళిన పాత ఫియట్‌ను బాగుచేసుకుందామని, పటమటలో మా ఇంటి పక్క జాగాలో ఈ షెడ్డు వేశాను. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. కాంక్రీటు నేల, కడిగిన నీళ్ళు బయటికి పోయేలా షట్టర్ వైపు కాస్త వాటం. గోడలకూ రేకులకూ పెద్ద కథ లేదు. కథంతా గోతిది. బండి కింద నిలబడి పని చెయ్యాలంటే మనిషి లోతున తవ్వాలి. నైరుతిలో గొయ్యి పనికిరాదు, అక్కడ బరువుండాలన్నాడు వాస్తు సిద్ధాంతి. సరేనని ఉత్తరానికి జరిపించాను, నాకు పోయిందేముంది? నా భయం వేరే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైన ట్యాంకు కారిందంటే ఆ ఆవిరి వచ్చి గోతిలో కూర్చుంటుంది, కంటికి కనపడదు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఏ దిక్కున తవ్వినా పోని దోషమది. అందుకే ట్యాంకు పని ఎప్పుడూ ఆరుబయటే.

షట్టర్ పడకముందే బండి విప్పేశాను. 1089 సీసీ ఇంజను బల్లమీద, తలుపులు గోడకు ఆనించి, బోల్టులు పాత నూనె డబ్బాల్లో. అందులో కారు ఏదంటే నేనూ చూపించలేను. ఈ చిక్కు కొత్తదేం కాదు. మిలిందపన్హ అనే పాళీ గ్రంథంలో, రథమెక్కి వచ్చిన గ్రీకు రాజు మిలిందుణ్ణి భిక్షువు నాగసేనుడు ఇదే అడిగాడు. ఇరుసు రథం కాదు, చక్రాలు కావు, అన్నీ కలిపినా కాదు, అవన్నీ తీసేసి చూస్తే వేరే రథమూ లేదు. భాగాలను ఆనుకుని వచ్చిన పేరే రథమని రాజే ఒప్పుకున్నాడు.

రాజు తొందరపడి ఒప్పుకున్నాడనే నా అభిప్రాయం. మెకానిక్ అయితే ఇంకో మాట అడిగేవాడు. ఫియట్‌లో ప్లగ్గులు 1-3-4-2 వరసలో మండాలి. అవే వైర్లు వరస తప్పి తగిలించండి, ఒక్క భాగమూ తక్కువ కాదు, బండి మాత్రం నడవదు. అంటే అమరికే కారు కదా? దీనికీ జవాబుంది: 7వ శతాబ్దపు బౌద్ధ తాత్త్వికుడు చంద్రకీర్తి ఆ అమరికను కూడా రథం కాదని తోసేశాడు. ఘటికుడు!

అప్పుడు తట్టింది, పంతులుగారి మూడో షరతూ అటే పోతోందని. ఇల్లు అవడమన్నది ఇంటి లోపల ఉండేది కాదు. బయట ఎవరికో పెట్టాల్సినది పెడితేగాని అది ఇల్లు కాదు. బౌద్ధులు దాన్ని శూన్యమంటారు, ఈయన విస్తరి వేయమంటున్నాడు. నాకైతే విస్తరే తేలిగ్గా అర్థమవుతుంది. కాకపోతే శాస్త్రం చెప్పేది బ్రాహ్మణ భోజనం. "కంకర మోసినవాళ్ళకు పెడితే చెల్లదా?" అని అడిగాను. "పెట్టండి, వద్దన్నదెవరు? నా విస్తరి మాత్రం మర్చిపోకండి" అన్నారు.

అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టాం. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. మేస్త్రి చెయ్యి కడుక్కుని వచ్చి పైకి చూసి, "ఆ మూల రేకు అతుకు కారుద్ది సార్, సోమవారం వచ్చి వేస్తా" అన్నాడు. కూలి మాత్రం వేరే అడిగాడు.